లక్ష్మీబాయి తిలక్ ‘స్మృతిచిత్రే’: క్రైస్తవ దాంపత్యంలో నిస్స్వార్థ ప్రేమ

నిస్స్వార్థ ప్రేమను గురించి ప్రసంగించుట సులభం. దానిని కథగా చెప్పుట కష్టం. ప్రసంగంలో ప్రేమించే మనిషి ఒక్కడే కనిపిస్తాడు. కథలో అట్లా కుదరదు. ఆ ప్రేమకు ఎంత వెచ్చమైనది, ఆ వెచ్చం ఎవరి వంటింటి నుండి వచ్చినది అని పాఠకుడు అడగక మానడు. క్రైస్తవ దాంపత్యాన్ని వస్తువుగా గ్రహించిన మన దేశపు రచనలలో పెక్కు ఈ ప్రశ్న దగ్గరనే తడబడినవి. భర్త త్యాగమూర్తి, భార్య అనుకూలవతి, బిడ్డలు వినయవంతులు. సాయంకాలం దీపం పెట్టి అందరూ ప్రార్థనకు కూర్చుంటారు. అంతటితో చిత్రం పూర్తి అవుతుంది. బొమ్మ చక్కగానే ఉంటుంది గాని, అందులోని మనుష్యులకు ఆకలి వేస్తుందని తోచదు.

అట్లా తడబడని గ్రంథం మరాఠీలో ఒకటి ఉన్నది. అది శ్రీమతి లక్ష్మీబాయి తిలక్ వ్రాసిన ‘స్మృతిచిత్రే’. దాని మొదటి భాగం 1934లో వెలువడినది. 1936లో రచయిత్రి మరణించేనాటికి గ్రంథం ముగియలేదు. చివరి భాగాన్ని కుమారుడు దేవదత్త తిలక్ పూర్తి చేసినారు. మరాఠీ వారు తమ ఆత్మకథలలో దీనికి అగ్రస్థానం ఇచ్చుకొన్నారు. తెలుగు పాఠకునికి తిలక్ అనగానే లోకమాన్యుడు గాని, ‘అమృతం కురిసిన రాత్రి’ కవి గాని స్ఫురించుట సహజం. ఈ తిలక్ వేరు. నారాయణ వామన్ తిలక్ (1861–1919) కొంకణదేశపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, నాసిక్‌లో సంస్కృతం అభ్యసించి, 1895లో క్రైస్తవ మతం స్వీకరించి, పూవులను, పసిపిల్లలను గూర్చి వ్రాసిన కవితలతో మరాఠీ కవిత్వంలో స్థిరమైన చోటు సంపాదించుకొన్నవారు. తుకారాము వేసిన వంతెన మీదుగానే క్రీస్తు చెంతకు చేరినానని చెప్పుకొన్న భక్తకవి. లక్ష్మీబాయి (1868–1936) ఆయన సహధర్మచారిణి.

గ్రంథంలోకి పోవుటకు ముందు, క్రైస్తవ వివాహానికి ఆధారంగా చూపే వేదభాగాన్ని ఒకసారి గుర్తుచేసుకొనుట అవసరం. పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఐదవ అధ్యాయంలో భార్య భర్తకు లోబడవలెనన్న మాట ఉన్నది. దానిని ఎరుగనివారు లేరు. పెండ్లి ప్రసంగాలలో గట్టిగా వినిపించేది అదే. అయితే ఆ మాటకు ముందే ఒకరికొకరు లోబడవలెనన్న మాట కూడ ఉన్నది. తరువాత భర్తకు విధించిన ధర్మం మరింత కఠినమైనది. క్రీస్తు సంఘం కొరకు తన్ను అర్పించుకొన్నట్లుగా భర్త భార్య కొరకు తన్ను అర్పించుకొనవలెను. అనగా, ఇచ్చుట అనే పని మొదట బలవంతుని వంతు. ఈ రెండవ సగం మీద ప్రసంగకర్తలకు ఎందుచేతనో ఉత్సాహం తక్కువ.

మరొక చిక్కు కూడ ఉన్నది. తన్ను అర్పించుకొనుటకు ‘తాను’ అనేది ఒకటి ముందు ఉండవలెను కదా! పదకొండవ యేట పెండ్లి అయి, చదువు సంధ్యలు లేక, భర్త ఎక్కడ ఉద్యోగం చేస్తే అక్కడికి, ఆయన చెప్పకుండా వెళ్లిపోతే పుట్టింటికి పంపబడుతూ వచ్చిన ఆడపిల్లకు ‘తాను’ అన్నది ఏనాడు ఏర్పడినది? ఏర్పడనిదానిని అర్పించుట ఎట్లా? అటువంటి అర్పణకు త్యాగమని పేరు పెట్టుట కేవలం మర్యాద కొరకు ఆడే మాట. ‘స్మృతిచిత్రే’ విలువ అంతా ఈ ప్రశ్నకు అది చూపే సమాధానంలో ఉన్నది. ఆ సమాధానం సిద్ధాంతరూపంలో లేదు. ఇంటి సంగతులలో, సరుకులలో, రైలు ప్రయాణాలలో, దెబ్బలాటలలో చెదరి ఉన్నది.

లక్ష్మీబాయి బాల్యమే ఒక విచిత్రమైన ఇంటిలో గడిచినది. 1857 తిరుగుబాటు తరువాత ఆమె మాతామహుని ఉరితీసినారు. ఆ ఘోరం తరువాత ఆమె తండ్రికి మడిపిచ్చి పట్టుకొన్నది. ఇంటిలోకి వచ్చిన ప్రతి వస్తువునూ కడిగించవలసినదే. మైలపడుతుందన్న భయం ఆ ఇంటి గాలిలోనే ఉన్నది. ఇటువంటి ఇంటిలో పుట్టిన పిల్ల, తరువాత అన్ని కులాల బిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొన్న తల్లి అయినదన్న విషయం ఒక్కటే నవలకు చాలిన వస్తువు. కాని రచయిత్రి దానిని అట్లా ఊదరగొట్టరు. తండ్రి పిచ్చిని నవ్వుతూ చెప్పుతారు. ఆ నవ్వులో అతనిమీద జాలి ఉన్నది, భయం కూడ ఉన్నది.

పెండ్లి తరువాత కథ మారుతుంది. అత్తవారింటిలో మామగారు కఠినస్వభావి. భర్త చూడబోతే మెరుపు వంటి మనిషి. ఆశుకవి, వక్త, దయాళువు, కోపిష్టి. చేతిలో రూపాయి నిలువదు. ఒక ఊరిలో కుదురుగా నాలుగు నాళ్లు ఉండుట తెలియదు. ఏ అర్ధరాత్రి ఎవరి కష్టం విని ఎక్కడికి లేచిపోతారో తెలియదు. ఇల్లాలికి కబురు అందేది తరువాత, అందిననాడు. నాసిక్, నాగపూర్, రాజనందగావ్ అంటూ ఆయన మారిన ఊళ్ల పేర్లు చదువుతూంటే పాఠకునికే ఆయాసం కలుగుతుంది. ఈ సంచారం మధ్య లక్ష్మీబాయి బిడ్డలను కన్నారు, పోగొట్టుకొన్నారు కూడ. 1891లో పుట్టిన దత్తూ (దేవదత్త) దక్కినాడు.

ఇక్కడ శైలిని గూర్చి ఒక మాట చెప్పవలెను. భర్త పేరు నోట పలుకుట తప్పుగా ఎంచే సమాజంలో పెరిగిన స్త్రీ, గ్రంథమంతటా ఆయనను ‘తిలక్’ అనే పిలుస్తారు. ‘మావారు’ కాదు, ‘నా దైవం’ కాదు. పరాయివాడు ఒకణ్ణి దూరంగా నిలబెట్టి చూచినట్లు చూచి చెప్పుతారు. ఆ దూరమే ఆమెకు హాస్యాన్ని ఇచ్చినది, న్యాయబుద్ధిని కూడ ఇచ్చినది. తిలక్ చేసిన పని చెప్పుతారు; తాను అన్న మాట చెప్పుతారు; తీర్పు చెప్పరు. కోపంలో తాను అన్న మాటలను కూడ దాచుకొనరు. దాచుకొని ఉన్నట్లయితే ఈ గ్రంథం మరొక పతివ్రతా చరిత్ర అయి ఉండేది.

1895 ఫిబ్రవరిలో తిలక్ బొంబాయిలో బాప్తిస్మం పొందినారు. ఆ వార్త విన్న నాటి భార్య స్థితిని వర్ణించే పుటలు గ్రంథంలో అన్నిటికంటె బరువైనవి. భర్త బ్రతికి ఉన్నాడు. అయినా లోకం దృష్టిలో ఆమె బ్రతుకు ముగిసినది. చేతిలో నాలుగేళ్ల కొడుకు. బంధువులు జాలిపడినారు, కాపలా కాసినారు, సలహాలు చెప్పినారు. అక్కాబావలు అండగా నిలిచినారు. నవ్వే మనిషి ఈ పుటలలో నవ్వదు. అయితే అక్కడ కూడ తిలక్‌ను నిందించుటకు గాని, మహాత్ముని చేయుటకు గాని ఆమె పూనుకొనలేదు. సత్యమని తోచిన దారిని ఆయన పట్టినారు. ఆ దారి ఆమె గుండెమీదుగా పోయినది. రెండూ నిజమే అన్నట్లు ప్రక్కప్రక్కన పెట్టి ఊరుకొన్నారు.

ఈ సందర్భంలో చదువరి మరచిపోరాని చట్టం ఒకటి ఉన్నది. క్రైస్తవ మతం పుచ్చుకొన్న వ్యక్తిని భార్య గాని భర్త గాని మతకారణం వల్ల ఆరు నెలలు విడిచి ఉన్నట్లయితే, న్యాయస్థానానికి పోయి, నిర్ణీతమైన గడువు తరువాత ఆ వివాహబంధాన్ని రద్దు చేయించుకొని మరల పెండ్లాడుటకు 1866 నాటి చట్టం వీలు కల్పించినది. అంటే తిలక్‌కు మరొక ఇల్లు కట్టుకొనే హక్కు ఉన్నది. ఆయన ఆ హక్కును వాడుకొనలేదు. అవిశ్వాసియైన భార్య కాపురం చేయుటకు ఇష్టపడితే ఆమెను విడువరాదని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు చెప్పినాడు. ఇక్కడ భార్య ఇంకను ఇష్టపడలేదు కూడ. అయినను ఆయన సుమారు అయిదేండ్లు ఎదురుచూచినారు. తిలక్ ఆవేశపరుడు, తొందరపాటు మనిషి అని గ్రంథం అడుగడుగునా చూపుతుంది. అట్టి మనిషి ఈ ఒక్క విషయంలో చూపిన ఓర్పుకు ప్రేమ అని తప్ప మరొక పేరు పెట్టలేము. ఆయన కరవులో దానం చేసిన రూపాయల కంటె, పద్యాలలో పొగడిన ఆత్మార్పణ కంటె ఈ ఎదురుచూపులోనే ఎఫెసీయుల పత్రికకు సరియైన వ్యాఖ్యానం ఉన్నది.

కాని ఆ అయిదేండ్లలో అసలు పని జరిగినది భార్య పక్షాన. విచిత్రమేమనగా, భర్త దగ్గర ఉన్నంతకాలం అక్షరాలతో అంతగా పొత్తు కుదరని ఆమెకు, ఆయన లేని కాలంలో కవిత్వం వచ్చినది. దుఃఖం పద్యమై బయటపడినది. ఒకరి చెప్పుచేతలలో నుండి మరొకరి చెప్పుచేతలలోకి మారుతూ వచ్చిన స్త్రీ, మొట్టమొదటిసారి తనంతట తాను ఆలోచించుకొనవలసి వచ్చినది. ఆయనను చేరవలెనా, మానవలెనా? చేరితే కులం పోతుంది, పుట్టినింటివారు పోతారు. మానితే కొడుకుకు తండ్రి లేడు, తనకు బ్రతుకు లేదు. ఈ నిర్ణయాన్ని ఆమె బదులు మరొకరు చేయుటకు వీలు లేదు. ‘తాను’ ఏర్పడినది ఇక్కడే.

అందువల్లనే ఆమె భర్తను చేరుకొన్న పద్ధతి గమనింపదగినది. ఆమె క్రైస్తవురాలై భర్త దగ్గరకు పోలేదు. తన మడి, తన వంట, తన నీళ్ల బిందె వేరుగా ఉంచుకొని అహ్మద్‌నగరం చేరినారు. (2024లో ఆ ఊరిపేరు అహల్యానగర్‌గా మారినది.) తిలక్ దానికి ఒప్పుకొన్నారు. ఒకే కుటుంబం, రెండు ఆచారాలు! బోధకుని భార్య బోధకుడు ముట్టిన నీళ్లు త్రాగదు. తోటి మతస్థుల ఎదుట ఇది ఎంతటి నగుబాటో ఊహించుకొనవచ్చును. అయినను భార్యను వాదించి గెలుచుటకు ఆయన ప్రయత్నించలేదు. తరువాత ఒకనాడు, కులమన్నది దేవుడు చేసినదా, మనుష్యులు చేసుకొన్నదా అని ఆమె తనలో తాను తర్కించుకొని, మనుష్యులే చేసుకొన్నారని తేల్చుకొని, ఆ భేదాన్ని తానే విడిచిపెట్టినారు. 1900లో బాప్తిస్మం పొందినారు. తండ్రి ఇంటిలో కడిగి కడిగి పోనిది, ఒక ఆలోచనతో పోయినది.

ఈ ఘట్టాన్ని దృష్టిలో ఉంచుకొంటే ఇంగ్లీషు అనువాదానికి పెట్టిన పేరు ఎంత పొరపాటు కల్పించగలదో తెలుస్తుంది. 1950లో వెలువడిన జోసెఫిన్ ఇంక్‌స్టర్ అనువాదానికి ‘ఐ ఫాలో ఆఫ్టర్’ అని పేరు. అది ఇంగ్లీషు బైబిలులోని పౌలు మాట, క్రీస్తును ఉద్దేశించినది. కాని అట్ట మీద చూచిన పాఠకునికి స్ఫురించేది భర్త వెనుక నడచిన భార్య. లక్ష్మీబాయి భర్త వెనుక నడవలేదు. ఆయన ముందు పోయిన చోటికి తన దారిన తాను వచ్చి చేరినారు. 2017లో శాంతా గోఖలే చేసిన కొత్త అనువాదం మూలంలోని పేరునే నిలుపుకొన్నది; అదే మేలైన పని.

రెండవ కాపురం ఆరంభమైన తరువాత గ్రంథంలో జనం నిండుతారు. 1899–1900 కరవు ఆ ప్రాంతాన్ని ఛిన్నాభిన్నం చేసినది. అహ్మద్‌నగరంలోని అమెరికన్ మరాఠీ మిషన్ అనాథలైన పిల్లలను చేరదీసినది. తిలక్ ఇల్లు కూడ అటువంటి శరణాలయమే అయినది. దిక్కులేనివారు, రోగులు, విద్యార్థులు, వచ్చి పోయేవారు, వచ్చి పోనివారు! తరువాతి కాలంలో మరాఠీ వారు ‘బాలకవి’ అని పిలుచుకొన్న త్ర్యంబక్ బాపూజీ ఠోంబరే (1890–1918) ఆ ఇంటిలో కొడుకువలె పెరిగినవాడే. పిలిచేది తిలక్, వండేది లక్ష్మీబాయి. దానం చేసిన కీర్తి ఒకరిది, డబ్బాలో పిండి ఎంత ఉన్నదో తెలిసినది మరొకరికి.

మరాఠీ సంప్రదాయంలో ఈ జంటకు ఒక పూర్వరూపం ఉన్నది. తుకారాముకు ఎవరో చెరకుగడలు ఇస్తే దారిపొడుగునా పిల్లలకు పంచి ఒక్కదానితో ఇంటికి వచ్చినాడనీ, ఆకలితో ఉన్న భార్య జిజాయి ఆ గడతోనే అతణ్ణి కొట్టినదనీ, అది విరిగి రెండైతే చెరి సగం అని అతడు నవ్వినాడనీ కథ. ‘భక్త తుకారాం’ (1973) చలనచిత్రం ద్వారా తెలుగువారికి కూడ ఆ దంపతులు పరిచితులే. ఆ కథను చెప్పినవారందరు భక్తుని పక్షం నుండి చెప్పినారు. జిజాయి గయ్యాళి. బిడ్డలు ఆకలితో ఏడుస్తుంటే ఆమె ఏమి చేయవలసి ఉండినదో ఏ భక్తచరిత్రకారుడూ ఆలోచించలేదు. ‘స్మృతిచిత్రే’ను జిజాయియే కలం పట్టి వ్రాసిన తుకారాము చరిత్ర అనవచ్చును. తుకారామును ఇంత ప్రేమించిన తిలక్‌కు ఈ పోలిక రుచించి ఉండునా అన్నది వేరు సంగతి.

అయితే లక్ష్మీబాయి గయ్యాళి కాదు, బలిపశువు కాదు. ఇదే గ్రంథంలోని గొప్పతనం. భర్త తెచ్చిన ప్రతి అనాథను ఆమె మొదట సణుగుతూనే లోనికి రానిచ్చినారు. కొన్ని నాళ్లకు ఆ బిడ్డ తిలక్ బిడ్డ కాక ఆమె బిడ్డ అయినది. దయ అన్నది ఆయనకు స్వభావం, ఆమెకు అభ్యాసం. స్వభావంగా వచ్చిన దయకు లెక్క తెలియదు. అభ్యాసంతో వచ్చిన దయకు బియ్యం ధర తెలుసు, తెలిసి కూడ పెడుతుంది. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగితే గ్రంథం ఆయనవైపు చూపుతుంది; గ్రంథాన్ని వ్రాసిన తీరు మాత్రం ఆమెవైపు చూపుతుంది.

తిలక్ తన్ను తాను దానం చేసుకొన్న ప్రతిసారీ కొంత భార్యను కూడ దానం చేసినారు, ఆమెను అడగకుండానే. ఈ దోషం తిలక్ ఒక్కరిది కాదు. మన సంస్కర్తలలో, సేవాపరులలో, మతబోధకులలో చాలమందిది. 1917లో తిలక్ మిషన్ జీతాన్ని వదలుకొని సన్న్యాసిభావంతో ‘దేవాచా దర్బార్’ అనే భక్తసమాజాన్ని స్థాపించినప్పుడు కూడ లోకం చూచినది ఆయన వైరాగ్యాన్ని. జీతం వదలుకొన్నది ఒకరు. జీతం లేని నెలను గడపవలసినది ఇద్దరు. పౌలు భర్తకు చెప్పిన ధర్మం ప్రకారం ఇది సరియైన అర్పణయేనా? భర్త తన్ను అర్పించుకొనవలసినది భార్య కొరకు. ఆమెను కూడ చేర్చి ఇతరుల కొరకు అర్పించుట ఆ వాక్యంలో లేదు. ఈ ప్రశ్నను రచయిత్రి నోరు తెరచి అడుగలేదు. కాని అడుగుటకు కావలసిన సాక్ష్యమంతా భద్రంగా ప్రోగుచేసి పెట్టినారు.

గ్రంథానికి లోపాలు లేకపోలేదు. మతవిశ్వాసం లోలోపల ఎట్లా పెరిగినదో తెలుసుకొనగోరే పాఠకుడు నిరాశపడుతాడు. కుటుంబాన్ని తలక్రిందులు చేసిన క్రీస్తు ఈమెకు ఎవరో, ఆయనతో ఆమె ఏమి మాట్లాడుకొన్నదో కొద్ది మాటలలో తేలిపోయినది. 1919 మేలో తిలక్ బొంబాయిలో కన్నుమూసిన తరువాత కథకు పట్టు సడలినది. కరాచీ కాపురపు సంగతులలో హాస్యం ఉన్నది గాని, ఎదుట నిలిచి దెబ్బలాడే మనిషి లేని వెలితి వాక్యాలలోనే తెలుస్తుంది. ఇది లోపమో, ప్రేమకు ప్రమాణమో నిర్ణయించుట కష్టం.

ఇదే వస్తువును మరొక దారిన పట్టిన గ్రంథం ‘సగుణ’. దానిని ఇంగ్లీషులో వ్రాసిన కృపాబాయి సత్తియనాధన్ (1862–1894) కూడ అహ్మద్‌నగరంలోనే, బ్రాహ్మణ కులం నుండి క్రైస్తవులైన దంపతులకు పుట్టినారు. 1887–88లో మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రికలో వరుసగా వెలువడిన ఆ నవల తొలి భాగంలో, మతం మారిన భర్త హరిచంద్ర వెంట బెదురుతూ వచ్చిన రాధ కథ ఉన్నది. వస్తువు ఒకటే, కాని చెప్పినది కూతురు. తల్లి వేదన కూతురి నోట పుణ్యకథగా మెత్తబడినది. హరిచంద్ర శాంతమూర్తి, రాధ క్రమంగా కరిగి ఆయనలో కలిసిపోతుంది. సగుణకు తన ఈడుజోడు చదువరి భర్తగా లభించుటతో నవల ముగుస్తుంది. దాంపత్యం మొదలయ్యే చోట నవల ఆగిపోయినది. ‘స్మృతిచిత్రే’ దాంపత్యంతో మొదలై అది ముగిసిన తరువాత కూడ నడచినది. అందమైన వాక్యం కృపాబాయిది. నమ్మకం కలిగించే వాక్యం లక్ష్మీబాయిది.

కృపాబాయి తన భర్త ఉద్యోగరీత్యా కొంతకాలం రాజమహేంద్రవరంలో నివసించినారన్నది తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయం. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు తమ ఇంట మొదటి వితంతు వివాహం జరిపించినది అదే పట్టణంలో, అదే దశకంలో. పంతులుగారిది క్రైస్తవ గృహం కాదు. కాని అక్కడ కూడ సమస్య ఇదే. సంఘబహిష్కారం వచ్చి వంటవారు, నీళ్లవారు మానుకొన్నప్పుడు ఆ పని రాజ్యలక్ష్మమ్మగారి మీద పడినది. పంతులుగారు ‘స్వీయ చరిత్రము’ వ్రాసినారు. భార్య సేవను అందులో గౌరవంతోనే తలచినారు. ఆమె వ్రాసుకొన్న చరిత్ర లేదు. గోదావరి నుండి బిందె మోసిన చేతికి ఎంత బరువైనదో ‘స్వీయ చరిత్రము’ చెప్పజాలదు.

తెలుగు క్రైస్తవ గృహం వైపు చూస్తే సమస్య మరింత లోతైనది. తిలక్ దంపతులు వదలుకొన్నది అగ్రకులపు మర్యాదను. అది పెద్ద వెలయే. కాని వదలుకొనుటకు ఏదో ఒకటి ఉన్నవారి వెల. తెలుగునాట క్రైస్తవం ఎక్కువగా ప్రవేశించినది మాల మాదిగ పల్లెలలో. వారికి పోగొట్టుకొనుటకు మర్యాద లేదు. తిలక్ బాప్తిస్మం పొందిన 1895లోనే వినుకొండలో గుర్రం జాషువా జన్మించినారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. రెండు కులాల నడుమ నిలిచిన ఆ దంపతుల ఇంటి నుండి వచ్చిన కవి ‘గబ్బిలం’ వ్రాసినారు, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమి పురస్కారం అందుకొన్నారు, ‘నా కథ’ అని తన జీవితాన్ని పద్యాలలో చెప్పినారు. వీరయ్య ఏమి వదలుకొన్నాడో ఊహకు అందుతుంది. లింగమ్మ ఏమి భరించినదో చెప్పుటకు లింగమ్మ కావలెను. ఆమె గొంతు మనకు కొడుకు పద్యాలలో వినవచ్చినంతవరకే వినవచ్చినది.

కొడుకు చెప్పినది అబద్ధం కాదు, భర్త చెప్పినది అబద్ధం కాదు. కాని ప్రేమను అందుకొన్నవారు చెప్పే లెక్క వేరు, ఇచ్చినవారు చెప్పే లెక్క వేరు. మన కథకులు త్యాగమయి అయిన తల్లిని చిత్రించునప్పుడు ఆమె కంటినీరు తెలుపుతారు గాని ఆమె విసుగు తెలుపరు. విసుగు లేని త్యాగం చదువరికి భారంగా ఉంటుంది, దేవాలయంలో వలె కాసేపు చేతులు కట్టుకొని నిలబడి వెళ్లిపోవలెననిపిస్తుంది. లక్ష్మీబాయి సణుగుడు వినిన తరువాతనే ఆమె పెట్టిన అన్నం రుచి తెలుస్తుంది.

తిలక్ మరణించునాటికి ఆయన ఆరంభించిన క్రీస్తు మహాకావ్యం ‘ఖ్రిస్తాయన్’ తొలి అధ్యాయాల దగ్గరనే ఆగిపోయి ఉన్నది. దానిని లక్ష్మీబాయి పూర్తి చేసినారు. పూర్తి చేసినారనుట చిన్న మాట: ఆమె వ్రాసినవి అరవైకి పైగా అధ్యాయాలు, ఆయన వ్రాసిన భాగం ఆ ప్రక్కన పీఠిక వంటిది. బడిలో సరిగా చదువుకొనని స్త్రీ, యాబదియేండ్లు దాటిన తరువాత, భర్త విడిచిన చోటి నుండి అందుకొన్న పని అది. ఆయన కాపురంలో ఆమెను అడగకుండా ఎన్నో పనులు అప్పగించినారు. ఇది మాత్రం ఆయన అప్పగించినది కాదు. కావ్యానికి కర్తగా ఆయన పేరును చెరిపివేయనూ లేదు, తన పేరును దాచుకొననూ లేదు. రెండు పేర్లూ ఉన్నవి. మరాఠీ తెలిసిన తెలుగు రచయిత ఎవరైనా ఆ రెండు చేతుల అతుకు దగ్గర, ఆయన అధ్యాయం ముగిసి ఆమె అధ్యాయం మొదలయ్యే పుటలో, కొంచెంసేపు ఆగి చదువవచ్చును.